మియాటాతో పదకొండేళ్లు: బహుమానమని కొన్నాను, అద్దె కడుతున్నాను

నిజం చెప్పాలంటే ఈ కారు పేరు చూసి కొన్నాను. టాపు దించుకోగల రెండు సీట్ల మాజ్డా కారు ఇది. న్యూజెర్సీలో 1994 మోడల్ మియాటాను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పదకొండేళ్లయింది. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపిన ఈ కారును జపానులో యూనోస్ రోడ్‌స్టర్‌గా, యూరప్‌లో ఎంఎక్స్-5గా అమ్మారు. అమెరికాలో మాత్రం మియాటా అన్నారు. ప్రాచీన జర్మన్ మాట, బహుమానమని అర్థం. ఇలా టాపు దించే కార్ల పేర్లు చాలావరకు గుర్రబ్బండ్ల కాలం నాటివి. స్పైడర్ ఒక తేలికపాటి బండి. కాబ్రియోలేకు ఆ పేరు గంతు అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అవి బండి తీరును చెబుతాయి. నడిపేవాడికి ఏమి దక్కుతుందో చెప్పే పేరు నాకు ఇదొక్కటే కనిపించింది.

అన్నట్టు, దీని ఇంటిపేరు కూడా మనకు పరాయిది కాదు. మాజ్డా అంటే పారశీకుల జ్ఞానదేవుడు అహుర మజ్దా. ఆ మజ్దా, మన మేధ ఒకే వేరు నుంచి పుట్టాయి. సంస్థ స్థాపకుడు మత్సుదా పేరు కూడా దాదాపు అలాగే పలుకుతుంది.

ఒక జనవరి మధ్యాహ్నం ఎండ చూసి మోసపోయాను. నా కారులో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. టాపు దించే ముందు దాని జిప్పు తీసి చదునుగా పరచాలి. చలిలో అసలు ముట్టుకోకూడదు. ఆత్రంలో జిప్పు తీయకుండానే టాపు వెనక్కి తోసేశాను. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఈ మూల నుంచి ఆ మూలకు పగులు. తప్పు పూర్తిగా నాదే. ఇల్లు చేరేదాకా చలిగాలి మెడ మీద కొడుతూనే ఉంది. గాజు కిటికీ ఉన్న కొత్త టాపు వేయించేసరికి ఏప్రిల్ వచ్చింది. అన్నాళ్లూ కారు పగులుకు టేపుతో, టార్పాలిన్ కింద పడి ఉంది.

ఆ రోజుల్లోనే జర్మన్ తెలిసిన సహోద్యోగి ఒకాయన చెప్పారు, ఆ పాత మాటే ఇప్పుడు మీటె అయిందని, దానికి అర్థం అద్దె అని. మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, మన ప్రతిఫలం అనే మాట రెంటికీ సరిపోతుందనిపించింది. ఇప్పుడు ఎవరైనా పేరు గురించి అడిగితే బహుమానం అని ఊరుకోవడం లేదు, అద్దె సంగతీ చెబుతున్నాను. టాపు మీది నీళ్లు దిగే గొట్టాల్లో ఆకులు ఇరుక్కుంటే సీట్ల వెనక కార్పెట్ తడిసిపోతుంది. ఏటా వాటిని శుభ్రం చేసుకోవాల్సిందే, నేను కట్టే అద్దె అదే.

అందరినీ కొనమనలేను. మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సరుకులకు మా ఆవిడ కారు ఉంది, ఆఫీసు ఎనిమిది మైళ్లే. ఇందులో ఏ ఒక్కటి తేడా అయినా రెండు సీట్ల కారుతో నాకు కుదిరేది కాదు. మొన్న అక్టోబరులో గొట్టాల నుంచి పిడికెడు ఆకులు తీశాను. ఆ సాయంత్రమే టాపు దించి, చెరువు పక్క దారిలో చుట్టు తిరిగి ఇంటికి వచ్చాను.