పార్సిల్ రాలేదు, డబ్బూ రాలేదు: బ్యాంకు చార్జ్‌బ్యాకా, 1915 ఫిర్యాదా?

చార్జ్‌బ్యాక్ అంటే కట్టిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం; 1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఏ దారి పట్టినా ముందు సైటు ఫిర్యాదుల అధికారికి రాసి టికెట్ నంబరు తీసుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

క్రెడిట్ కార్డుతో కట్టారా? చార్జ్‌బ్యాకే మేలు. కార్డిచ్చిన బ్యాంకుకు ‘సరుకు అందలేదు’ అనే కారణంతో డిస్ప్యూట్ ఫారం ఇచ్చి, ఇన్‌వాయిస్, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్, సైటుతో నడిచిన మెయిళ్లు జతచేయాలి. ‘మోసం’ అన్న గడిలో టిక్ పెడితే కేసు పోయినట్టే, ఓటీపీ కొట్టింది మీరే కదా. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో సాధారణంగా సరుకు రావాల్సిన తేదీ నుంచి 120 రోజులు గడువు. బ్యాంకు ఇంకా తక్కువ పెట్టొచ్చు. ‘రేపొస్తుంది’ అన్న కబుర్లతో కరిగిపోయేది ఈ గడువే.

అసలు చిక్కు ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని ఉన్నప్పుడు. అప్పుడు డెలివరీ రుజువు అడగండి: సంతకం, ఫొటో, ఓటీపీ ఎవరి నంబరుకు వెళ్లింది. ఇది తేలకుంటే బ్యాంకు తాత్కాలికంగా వేసిన సొమ్మును వెనక్కి లాగేస్తుంది.

యూపీఐతో కట్టినవారికి చార్జ్‌బ్యాక్ బలం తక్కువ; వాళ్లకు 1915 నయం. ఉచితం. కానీ అది కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రప్పిస్తుందే తప్ప ఆదేశించలేదు. కంపెనీ మొండికేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి: చెల్లించిన ధర 5 లక్షల వరకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

రెండూ కలిపి నడపొచ్చు గానీ, చార్జ్‌బ్యాక్ తెరిచి ఉండగా సైటు తన రీఫండ్ ఆపేయొచ్చు.