తొట్టి దాటిన పిల్లకి పక్క ఎక్కడ: నేల మీదా, పొట్టి మంచమా, పెద్ద మంచమా?

కమ్మీల తొట్టిలో పరుపుని అడుగు మెట్టుకి దించాక కూడా కమ్మీ పై అంచు నిలబడ్డ పిల్ల రొమ్ము దగ్గరికే వస్తోందంటే, లేదా పిల్ల పొడవు 35 అంగుళాలు దాటిందంటే ఇక తొట్టి పనైపోయినట్టే. కమ్మీ మీదకి కాలు వేసిందా, ఆ రోజే మార్చెయ్యాలి. ఇవేవీ లేకపోతే తొందరేం లేదు, మూడేళ్ళు దగ్గరపడ్డాక మార్చినా నష్టం లేదు.

నేల మీద పరుపే అన్నిటికన్నా క్షేమం అంటారు. పడే ఎత్తే లేదు కాబట్టి ఆ మాట నిజమే. ఒడిశా బరంపురంలో మూడో అంతస్తు ఫ్లాటుకి అది చక్కగా సరిపోతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెరడూ పొలమూ ఆనుకున్న ఇళ్ళకి మాత్రం పనికిరాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు, గుర్తూ సరిగ్గా కనబడదు. తెల్లారి పిల్ల కడుపునొప్పని ఏడుస్తూ రెప్పలు వాల్చేస్తుంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. వానాకాలంలో నేల చెమ్మకి పరుపు అడుగున బూజు పట్టడం దీని ముందు చిన్న సంగతి. రోజూ పొద్దున్నే ఎత్తి గోడకి నిలబెడితే చాలు.

పెద్ద మంచం 18 అంగుళాలు, పరుపు 6, మొత్తం రెండడుగుల ఎత్తు. పక్కన అడ్డుకమ్మీ (రెయిల్) బిగిస్తే సరిపోతుందనుకుంటారు. రెండేళ్ళు నిండని పిల్లకి ఆ రెయిలే ప్రమాదం. పరుపు నొక్కుకుపోయి మధ్యలో సందు పడుతుంది, ఒళ్ళు జారి తల ఇరుక్కుంటే ఊపిరాడదు. మంచానికీ గోడకీ మధ్య సందూ అంతే. అందులో బొంతలు కుక్కితే తీరిపోదు, అవీ నొక్కుకుపోతాయి. రెండు నిండి, తనంతట తాను ఎక్కి దిగే పిల్లకైతే గట్టిగా బిగించిన రెయిల్ పరవాలేదు.

మా ఓటు పొట్టి మంచానికే. వడ్రంగికి చెప్పి 12 అంగుళాల కోళ్ళు పెట్టించండి, పైన 4 అంగుళాల కొబ్బరిపీచు పరుపు. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. పక్కనే నేల మీద ఒక బొంత పరిస్తే దొర్లిపడినా దెబ్బ తక్కువ. ఇక దోమతెర. కోరాపుట్, రాయగడల్లో మలేరియా వల్ల అది ఎలాగూ తప్పదు. అంచులు పరుపు కిందకి దోపాలి. తెరగానీ దుప్పటిగానీ నేలకి వేలాడితే పురుగూ పుట్రా ఎక్కడానికి అదే నిచ్చెన. కట్టిన తాళ్ళ కొసలు పిల్ల చేతికి అందకూడదు. మందు పట్టించిన తెరని నీడలోనే ఆరెయ్యండి, 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది.

ఇన్నాళ్ళూ కమ్మీలే కాపలా. ఇప్పుడు అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరుగుతుంది. పెరటి తలుపు గడియ పిల్లకి అందనంత పైన ఉండాలి, నూతికి మూత ఉండాలి, రాత్రి బకెట్లు బోర్లించాలి. జానెడు నీళ్ళు కూడా అక్కర్లేదు, పసిపిల్ల మునగడానికి. బీరువాని గోడకి బిగించండి, మంచం కిటికీ కింద వెయ్యకండి.

ఎక్కి దూకే పిల్ల కాకపోతే మొదటి వారం పగటి నిద్ర మాత్రమే కొత్త మంచం మీద, తొట్టిలోని పాత బొంతతోనే, తొట్టి ఉన్న మూలనే. రాత్రి లేచి వస్తే మాటలు పెట్టుకోకుండా తీసుకెళ్ళి పడుకోబెట్టాలి. పదిసార్లు వచ్చినా సరే. ఇంట్లో రెండో కాన్పు ఉంటే రెండు నెలల ముందే మార్చెయ్యండి. పసిగుడ్డు వచ్చిన రోజే తొట్టి లాక్కుంటే పెద్దది పేచీ పెట్టడం న్యాయమే మరి.