కెన్యా దారి, టాంజానియా దారి: ఏది మేలు?

కెన్యాలో నైరోబీకో టాంజానియాలో దార్ ఎస్ సలాంకో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. రెండూ పక్కపక్క దేశాలు, రెండూ బ్రిటిష్‌వాళ్ళ కింద నలిగినవే, రెండేళ్ళ తేడాతో స్వాతంత్ర్యం వచ్చింది, ఒకరేమో ప్రైవేటు ఆస్తి వైపు వెళ్ళారు, ఇంకొకరు సోషలిజం అన్నారు, చివరికి ఎవరిది మేలు? ప్రైవేటు ఆస్తి దారి కెన్యా తొలి అధ్యక్షుడు కెన్యట్టాది, సోషలిజం దారి టాంజానియా తొలి అధ్యక్షుడు నైరేరేది.

ఆదాయం ఒక్కటే చూస్తే మాత్రం కెన్యాదే పైచేయి. వలస పాలనలో ఆఫ్రికన్ రైతుని చాలాకాలం కాఫీ మొక్క కూడా నాటుకోనివ్వలేదు, ఆ పంట తెల్లవాళ్ళకే. అలాంటి చోట స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే చిన్న రైతుల తేయాకు కోసం ప్రత్యేక సంస్థ పెట్టి, ఆకు కొనడం, ఫ్యాక్టరీకి చేర్చడం, అమ్మడం అన్నీ దానికి అప్పగించి, ఎకరం అరెకరం ఉన్నవాళ్ళని కూడా ప్రపంచ మార్కెట్‌కి తీసుకెళ్ళారు. ఇది చిన్న విషయం కాదు. అదే టాంజానియా సోషలిజమే తన దారి అని చెప్పిన 1967 అరూషా ప్రకటనతో బ్యాంకులనీ పెద్ద సీసల్ (తాళ్ళకి వాడే నార) తోటలనీ జాతీయం చేసింది, 1976లో రైతులు దశాబ్దాలుగా నడుపుకుంటున్న సహకార సంఘాలని రద్దు చేసింది. కిలిమంజారో కాఫీ రైతుల సంఘం 1933 నాటిది, దాన్ని కూడా వదల్లేదు. 1980ల మొదట్లో సబ్బుకీ చక్కెరకీ కూడా కటకటలాడే స్థితి వచ్చింది, నైరేరే 1985లో దిగిపోయాక ఏడాదికే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అప్పు షరతులకి ఒప్పుకోక తప్పలేదు.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది ఆదాయం కాదు, భూమి. తెల్లవాళ్ళు లాక్కున్న భూమి స్వాతంత్ర్యం వచ్చాక ఎవరి చేతికి వెళ్ళింది అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

కెన్యాలో మంచి ఎత్తు ప్రాంతాలన్నీ తెల్ల రైతులకి కేటాయించి, ఆఫ్రికన్లని రిజర్వుల్లోకి నెట్టారు. 1920ల నుంచీ ప్రతి ఆఫ్రికన్ మగవాడూ కిపాండే అనే గుర్తింపు పత్రం మెడలో వేసుకు తిరగాలి. చిన్న రేకు డబ్బా, దానికో తాడు, లోపల వేలిముద్రలున్న కాగితం, ఎవరి దగ్గర పనిచేశాడో, ఎంత జీతమో అన్నీ రాసి ఉండేవి. అది లేకుండా దొరికితే జైలే. ఇదంతా భరించీ భరించీ 1952 నాటికి బ్రిటిష్‌వాళ్ళ మీద మౌ మౌ అనే సాయుధ తిరుగుబాటు లేచింది, వెయ్యి మందికి పైగా ఉరికంబం ఎక్కారు, వేలకు వేల మందిని నిర్బంధ క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళు లోపల ఉండగానే 1954 నుంచి బ్రిటిష్‌వాళ్ళు, తిరుగుబాటు చేసిన కికుయు తెగ ప్రాంతంలో పొలాల సరిహద్దులు మళ్ళీ గీసి పట్టాలిచ్చేశారు. లాభపడింది ఎక్కువగా ప్రభుత్వం పక్షాన నిలబడ్డవాళ్ళే. క్యాంపు నుంచి ఇంటికొచ్చిన మనిషికి తన పొలం ఇంకొకరి పేరు మీద కనిపించింది.

కెన్యట్టా ప్రభుత్వం వచ్చాక కూడా ఈ అన్యాయాన్ని సరిదిద్దలేదు. స్వాతంత్ర్యానికి ముందే మొదలైన పది లక్షల ఎకరాల పథకాన్నే కొనసాగించి, బ్రిటన్ దగ్గరా ప్రపంచ బ్యాంకు దగ్గరా అప్పు తెచ్చి తెల్లవాళ్ళకి పూర్తి ధర కట్టి, ఆ భూమిని ఆఫ్రికన్లకి మళ్ళీ అప్పుమీదే ఇచ్చారు. అడవిలో పోరాడినవాడి దగ్గర డబ్బెక్కడిది? పెద్ద పెద్ద కమతాలు అధికారంలో ఉన్నవాళ్ళ చేతుల్లో పడ్డాయి. భూమి దక్కని కికుయులు రిఫ్ట్ వ్యాలీలో కొనుక్కుని స్థిరపడితే, అది మా తాతలది కదా అని అక్కడి కలెంజిన్ తెగలవాళ్ళు మనసులో పెట్టుకున్నారు. 1992లో, 1997లో, మళ్ళీ 2007 చివర్లో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ నాయకులు ఆ పుండునే కెలికారు. చివరిసారి 1,100 మందికి పైగా చనిపోయారు, ఎల్డొరెట్ దగ్గర కియాంబా చర్చిలో తలదాచుకున్నవాళ్ళని ఆడవాళ్ళూ పిల్లలూ అని చూడకుండా చర్చితో సహా తగలబెట్టారు.

టాంజానియాలో తెల్ల రైతులు తక్కువ, కాబట్టి పని తేలికైంది, నిజమే. కానీ ప్రమాదం రాబోతోందని ముందే పసిగట్టింది నైరేరేనే. భూమిని అమ్ముకునే సరుకు చేస్తే కొన్నాళ్ళకి పేదవాడి కింద నేల మిగలదని 1958లోనే రాశారు, అధికారంలోకి వచ్చిన కొత్తలోనే శాశ్వత ప్రైవేటు పట్టాలని ప్రభుత్వ లీజులుగా మార్చేశారు. జనాన్ని కలిపి ఉంచింది స్వాహిలీ భాషా చదువూ అని అందరూ చెబుతారు, అవీ నిజమే, కానీ 120కి పైగా తెగలున్న దేశంలో మా తాతల భూమి అంటూ ఎన్నికల పేరుతో ఊళ్ళు ఊళ్ళని నరుక్కోకపోవడానికి ఈ చట్టం కూడా పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఉగాండా సంగతేంటి అని కూడా అడుగుతుంటారు. 1971లో సైనిక నియంత ఇదీ అమీన్ వచ్చాక అక్కడ దారి అంటూ ఏదీ మిగల్లేదు, పోల్చడానికి పనికిరాదు.

ఇక నా వాదనకి అన్నిటికన్నా బలమైన ఎదురు ప్రశ్న: భూమి ప్రభుత్వానిదైతే, ఆ ప్రభుత్వమే లేచి పొమ్మంటే ఏం చేస్తావు? దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1951లో బ్రిటిష్‌వాళ్ళు టాంజానియాలోని మేరు తెగ రైతుల ఇళ్ళు తగలబెట్టి ఆ భూమిని తెల్లవాళ్ళకి ఇచ్చినందుకు ఆ తెగ ప్రతినిధి కిరిలో జాఫెట్ 1952లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆ కోపమూ తోడై పుట్టిన నైరేరే పార్టీయే, అధికారంలోకి వచ్చాక, 1973 నుంచి 1976 దాకా లక్షల మందిని బలవంతంగా ఉజమా అనే ఉమ్మడి గ్రామాలకి తరలించింది. వెనక్కి పోకుండా కొన్నిచోట్ల ఇళ్ళు కూల్చారు, తగలబెట్టారు కూడా. పొలం ఒకచోట, ఇల్లు మైళ్ళ దూరంలో ఇంకోచోట అయ్యేసరికి పంటలు దెబ్బతిన్నాయి. 2022లో ఉత్తరాన లోలియోండోలో పశువులు మేపుకునే మాసాయి తెగవాళ్ళని వెళ్ళగొట్టిందీ ప్రభుత్వమే. టాంజానియాలో భాగమైన జాంజిబార్ దీవుల్లో 2001లోనూ, ప్రధాన భూభాగంలో 2025 ఎన్నికలప్పుడూ పోలీసు కాల్పులకి జనం బలయ్యారు.

అంతా లెక్కేసుకున్నా నేను టాంజానియా వైపే మొగ్గుతాను, అదీ 1967కి ముందున్న టాంజానియా వైపు, భూమి అమ్మకానికి లేదు కానీ సహకార సంఘం రైతుదే అన్న రోజుల వైపు. అక్కడ ప్రభుత్వం చేసిన తప్పుని ప్రభుత్వం దిద్దుకోవచ్చు, ఉజమా బలవంతం మూడు నాలుగేళ్ళకే ఆగిపోయింది. కెన్యాలో అలా కాదు, భూమి వ్యవహారాలకి స్వతంత్ర కమిషన్ ఒకటి ఉండాలని రాజ్యాంగంలో రాసుకునేసరికే 2010 వచ్చింది, అప్పటికి ఆ పట్టాలు రెండు మూడు తరాల చేతులు మారిపోయాయి.