బీచ్ గాలికి మూడేళ్లు నిలిచిన మైకు

మూడేళ్ల కిందట భీమిలి బీచ్‌లో మా పెదనాన్నను కూర్చోబెట్టి, డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఆయన చిన్నప్పుడు ఆడుకున్న కబుర్లు క్యామ్‌కార్డర్‌లో తీశాను. ఇంటికొచ్చి పెడితే పెదాలు కదులుతున్నాయి, వినపడేదంతా గాలే. "ఏటిరా, నన్ను తీసావా, తుఫాన్ని తీసావా?" అన్నాడు. మైకు వేట అక్కడ మొదలైంది.

ముందు మీ క్యామ్‌కార్డర్‌కి 3.5 ఎం.ఎం. మైకు సాకెట్ ఉందో లేదో చూసుకోండి. కొన్ని చవక రకాలకు అసలుండదు. మా బావమరిది మైకు కొన్నాక చూసుకున్నాడు.

నేను కొన్నది రోడ్ (RØDE) కంపెనీ వీడియోమైక్రో మైకు. బ్యాటరీ ఉండదు, కెమెరా సాకెట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. కెమెరా నెత్తిన బిగిస్తే చాలనుకున్నాను. పదడుగుల దూరం నుంచి తీస్తే మనిషి మాటా, కెరటాల హోరూ సమానంగా వచ్చాయి. కెమెరాలో జూమ్ చేసినంత మాత్రాన మైకు దగ్గరికి జరగదు కదా! ఆరుబయట దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టూ ఉన్న హోరు మాత్రం తగ్గదు. అందుకే ఇప్పుడు మైకుని బూజుకర్రకి కట్టి, ఎక్స్‌టెన్షన్ వైరు వేసి, ఫ్రేములో పడకుండా మనిషి తల మీదుగా పట్టుకోమని మేనల్లుడికి ఇస్తాను. నవ్వే వాళ్లు నవ్వుతారు, మాట మాత్రం శుభ్రంగా వస్తుంది.

మైకుతో పాటే బొచ్చు తొడుగు వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో ఒకాయన దాన్ని చూసి "ఏటి బాబూ, పిల్లిపిల్లని ఎట్టుకొచ్చినావు?" అన్నాడు. ఆ పిల్లిపిల్ల లేకుండా ఆర్కే బీచ్‌కి వెళ్లకండి. ఉత్త స్పాంజి తొడుగు హాల్లో సరిపోతుంది గానీ సముద్రపు గాలికి ఆగదు. గాలి దెబ్బకి పగిలిన శబ్దాన్ని ఎడిటింగ్‌లో ఎవరూ అతికించలేరు.

ఒకరే కూర్చుని మాట్లాడే పనైతే బోయా బీవై-ఎం1 కాలర్ మైకు వాడతాను. 6 మీటర్ల వైరు, లోపల ఎల్ఆర్44 బ్యాటరీ. స్విచ్ కెమెరా వైపు పెట్టాలి, పనయ్యాక ఆఫ్ వైపు తిప్పేయాలి. ఒకసారి తిప్పడం మరిచాను. మర్నాడు రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయింది. చెవిలో హెడ్‌ఫోన్ ఉండబట్టి వెంటనే తెలిసింది. పట్టు కండువాకి తగిలించకండి, రాపిడి గరగరలాడుతుంది.

కెమెరాలో ఆటో లెవెల్, అంటే శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు, తీసేయండి. మనిషి ఊపిరి తీసుకోడానికి ఆగిన ప్రతిసారీ అది కెరటాల్ని పైకి లేపుతుంది.

ఉప్పుగాలికి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు ఏడాదిలోనే చిటపటలాడింది. ఇప్పుడు ప్లగ్గులు పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెడుతున్నాను. మైకులు రెండూ బాగానే ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి పెదనాన్న అవే కబుర్లు మళ్లీ చెప్పాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని, "నా గొంతు ఇంత ముసలిదైపోయిందేటిరా" అన్నాడు.