ఏఎంటీ సెడాన్ కొనబోతున్నారా? వారంటీ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఇంటిల్లిపాదికీ సరిపోయే చిన్న సెడాన్, అందులోనూ ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్), అంటే గేర్లు వాటంతటవే మారేది కొందామని చూస్తున్నవాళ్ల కోసం ఈ పోస్టు. కంపెనీ పేరు, షోరూం పేరు రాయడం లేదు. రాస్తే "అయితే పక్క షోరూంలో తీసుకుందాం" అనుకుంటారు. అక్కడ కూడా దాదాపు ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టి వస్తారు.

బండి చెడ్డదని నేను అనను. 2018 దసరాకి తీసుకున్నాం, పెట్రోల్. ఇంజిన్ మీద ఒక్క ఫిర్యాదు లేదు. హైదరాబాద్ హైవే మీద లీటరుకి పందొమ్మిది, ఇరవై ఇస్తుంది, ఊళ్లో పదమూడు దాటదు. మే ఎండల్లో ఏసీ బాగానే లాగుతుంది. ఐదుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతుంది, ఈ సైజు సెడాన్లకు మామూలుగా ఉండే బాధే అది. దెబ్బ తగిలింది గేర్ల దగ్గర. అంతకన్నా గట్టిగా తగిలింది వారంటీ దగ్గర.

షోరూంలో "ఆటోమేటిక్ సార్, క్లచ్ ఉండదు, టెన్షన్ ఉండదు" అంటారు. లేనిది పెడల్ ఒక్కటే. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని యాక్చుయేటర్ అనే యూనిట్ చేస్తుంది. మన దేశంలో 2014లో ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌తో మొదలైన ఈ పద్ధతి చవక కాబట్టే ఇంతగా పాకింది. మాన్యువల్ కంటే సుమారు యాభై వేలు ఎక్కువ పెడితే వచ్చేస్తుంది. సీవీటీ అనే ఇంకో రకం ఆటోమేటిక్ కావాలంటే ఇంకా పెట్టాలి.

చవకగా రావడంలో తప్పేం లేదు. కానీ ట్రాఫిక్‌లో బండి కొద్దికొద్దిగా పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. మాన్యువల్లో అయితే కాలికి తెలుస్తుంది. ఇందులో ఏమీ తెలియదు. ఎత్తు మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ తోనే బండిని ఆపి ఉంచితే ప్లేటు ఇట్టే అరుగుతుంది. సాయంత్రం పూట కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కే బండ్లను చూడండి, ఎన్ని అలా నిలబడి ఉంటాయో. డెలివరీ రోజు ఈ ముక్క చెప్పేవాడు ఉండడు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, తాళంచెవి ఇస్తూ ఒక ఫొటో, అంతే.

2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకి వెళ్తున్నాం. పస్రా దాటాక జామ్. బండి నాలుగడుగులు కదలడం, ఆగడం. కాసేపటికి ఏదో కాలిన వాసన. ఎవరో పక్కన ప్లాస్టిక్ కాలబెడుతున్నరని మా అత్తమ్మ కిటికీ అద్దం ఎక్కించింది. అద్దం ఎక్కించినా వాసన పోలేదు. ఆ తర్వాత మీటర్‌లో గేర్ నంబరు మినుకు మినుకుమని బండి దానంతటదే న్యూట్రల్‌కి పోయింది. పక్కకు నెట్టుకుని చల్లారేదాకా ఆగితే మళ్లీ కదిలింది గానీ, అప్పటి నుంచి ఫస్ట్ లోంచి సెకండ్ పడేటప్పుడు బండంతా ఊగడం మొదలైంది.

సర్వీస్ సెంటర్‌లో అరవై వేలు దాటిన ఎస్టిమేట్ ఇచ్చారు. క్లచ్ సెట్టు, దాంతోపాటు యాక్చుయేటర్. ఐదేళ్ల దాకా ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కదా అంటే, "క్లచ్ వేర్ అండ్ టేర్ సార్, వారంటీలో రాదు. మీది ఒక సర్వీస్ లేటుంది, కాబట్టి యాక్చుయేటర్ కూడా రాదు" అన్నాడు అడ్వైజర్. లేటయిన ఆ సర్వీస్ ఎప్పటిదో తెలుసా? 2020 ఏప్రిల్‌ది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పటిది. ఆ వర్క్‌షాప్ గేటుకే తాళం ఉంది అప్పుడు.

ఇంకొకటి చూడండి. బండి రిపేరుకి ఇచ్చేటప్పుడు రాసే జాబ్ కార్డులో నా ఫిర్యాదు రాయాల్సిన చోట "కస్టమర్ రిక్వెస్ట్: క్లచ్ రీప్లేస్‌మెంట్" అని రాసి సంతకం పెట్టమన్నారు. అంటే బండిలో లోపం లేదు, నేనే సరదా పడి మార్చమంటున్నాను అన్నట్టు! దాన్ని కొట్టేయించి "గేర్ మారేటప్పుడు బండి ఊగుతోంది, దానంతటదే న్యూట్రల్‌కి పోతోంది" అని నా చేత్తో రాసి, తారీకు వేసి, ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటో, వారంటీ పుస్తకంలో యాక్చుయేటర్ పేరున్న పేజీ, లాక్‌డౌన్‌లో సర్వీస్ గడువు పెంచామని కంపెనీయే ఇచ్చిన ప్రకటన కలిపి కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. వాళ్ల నుంచి ఫోన్ వచ్చాక అడ్వైజర్ గొంతు మారింది. యాక్చుయేటర్ వారంటీలో మార్చారు, క్లచ్ డబ్బులు మాత్రం నేనే కట్టాను. పాత ప్లేటు చూపించమంటే తెచ్చి చూపించారు. లైనింగ్ అరిగి రివెట్లు బయటపడి ఉన్నాయి. క్లచ్ విషయంలో వాళ్లు చెప్పింది నిజమే. అది అరిగే వస్తువని అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదన్నదే నా గొడవ.

బయట చేయించుకుందామంటే కొత్త క్లచ్ వేశాక దాన్ని స్కానర్‌తో బండిలోని గేర్ కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. ఆటోనగర్‌లో మంచి మెకానిక్‌లున్నా అందరి దగ్గరా ఆ స్కానర్ లేదు. విడిభాగాలు, ఇలాంటి పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదనే 2014లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని దెబ్బతీసే పనుల మీద చర్య తీసుకునే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకి వెళ్లాయి, అది వేరే కథ.

కొనేవాళ్లు వారంటీ పుస్తకం బుకింగ్‌కి ముందే అడిగి తీసుకోండి. యాక్చుయేటర్, గేర్ కంప్యూటర్ పేర్లు ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూపించమనండి. టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద కాదు, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని బ్రిడ్జి మీద ఆపి ఆపి నడపండి. ఇప్పటికే ఉన్నవాళ్లు జామ్‌లో ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్ వేసి హ్యాండ్‌బ్రేక్ లాగండి. టెఫ్లాన్ కోటింగు లాంటివి అంటగడితే వద్దనండి, ఆ డబ్బు క్లచ్‌కి పనికొస్తుంది.

వారంటీ ఇచ్చేది లేదని వాళ్లు మొండికేస్తే ముందు 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో ఏఎంటీ చూస్తున్నవాళ్లు క్లచ్ మార్చిన బిల్లు అడగండి. అరవై, డెబ్బై వేల కిలోమీటర్లు ఊళ్లో తిరిగిన బండికి ఆ బిల్లు లేదంటే, క్లచ్ ఖర్చు రేటులో తగ్గించుకునే బేరం చేయండి.