35 ఎంఎం లెన్సు ఒక్కటే పట్టుకుని పెళ్లిళ్లకు: నాలుగైదేళ్ల వాడకం తర్వాత

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పెళ్లిళ్లకు నేను ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 ఎంఎం ఎఫ్1.8 లెన్సు తగిలించుకుని వెళతాను (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది). జూమ్ ఉండదు, ఫ్లాష్ వేయను. వేదిక మీద వరుసగా నిలబెట్టి తీసే ఫొటోలు మా సహాయకుడు 24-70 జూమ్ లెన్సుతో తీస్తాడు. అవి లేకుండా ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని నేనూ అడగను. మిగతా పెళ్లంతా ఈ చిన్న లెన్సుదే.

కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి, కెమెరాను అడ్డంగా పట్టుకుంటే మనిషికి ఎంత దూరంలో ఉన్నామో దాదాపు అంత వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. ఈ లెక్క ఒంటబట్టాక, కెమెరా కంటికి ఆనించకముందే ఎవరెవరు ఫొటోలో పడతారో తెలిసిపోతుంది. పెళ్లికూతురి ముఖం పెద్దగా కావాలంటే మీటరు దూరంలోకి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లినా ఆమె వెనక నిలబడ్డ మేనత్త, చీర కొంగు సర్దుతున్న చెల్లెలు ఫొటోలోనే ఉంటారు. దూరం నుంచి 70-200 జూమ్ లెన్సుతో తీస్తే వాళ్లంతా మసకలో కలిసిపోతారు. నా ఆల్బమ్‌లలో చుట్టాలు ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

జీలకర్ర బెల్లం సమయానికి వేదిక ముందు కెమెరాలన్నీ గోడ కట్టినట్టు నిలబడతాయి. కూర్చున్న బంధువులకు ముహూర్తం కనబడదు. నేను మండపం పక్కన నేల మీద, అడ్డుతెరకు పెళ్లికూతురి వైపు కూర్చుంటాను. తెర దించే ముందు ఆమె ఎటు చూస్తోందో, చేతిలోని జీలకర్ర బెల్లం ముద్దను ఎలా పట్టుకుందో అక్కడి నుంచే తెలుస్తుంది. ఎవరినీ ‘ఇటు చూడండి’ అనను. కొంతసేపటికి పురోహితుడు కూడా నన్ను మరిచిపోతారు.

ఫ్లాష్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో రోజంతా నిలిచి ఉండే స్తంభపు నీడను మా జిల్లావాళ్లంతా చూసే ఉంటారు. దాని మీద ఫ్లాష్ వేస్తే మిగిలేది ఉత్త గోడ. పెళ్లింటి వెలుతురూ అంతే. మైలపోలు నాడు వాకిట్లో పందిరి ఆకుల సందుల్లోంచి పడే ఎండ, ఐరేని కుండలు తెచ్చేటప్పుడు సాయంత్రపు వెలుగు, రాత్రి బరాత్‌లో జనరేటర్ బండి లైట్లు, వేటికవే వేరు. ఎఫ్1.8 వల్ల ఎఫ్2.8 జూమ్ కంటే రెండింతలకు పైగా వెలుతురు అందుతుంది. బరాత్‌లో ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, 6400కు పెంచి, డప్పు కొట్టేవాళ్ల ముఖాలు ఏ లైటూ వేయకుండా తీయగలుగుతున్నాను.

ఫంక్షన్ హాళ్లలో మాత్రం జాగ్రత్త. కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం పెంచితే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. సెకనులో 1/100 లేదా 1/50 వంతు దగ్గర పెడితే చాలావరకు పోతాయి. ఆ వేగంలో తలంబ్రాలు గింజలుగా నిలవవు, పసుపు గీతలై సాగుతాయి. నాకు ఆ గీతలంటే ప్రాణం. ఒక పెద్దాయన మాత్రం ఆల్బమ్ తిప్పుతూ, ‘అమ్మా, ఇది కదిలిపోయింది కదా, డబ్బులిచ్చేది ఇందుకేనా?’ అన్నారు. ఆయన మనవరాలు అదే ఫొటోను పెద్దది చేయించి గోడకు పెట్టుకుంది.

లోపాలూ ఉన్నాయి. మీటరున్నర దూరంలో ఎఫ్2 పెడితే స్పష్టంగా ఉండే లోతు 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. వధూవరులిద్దరూ అందులో ఇమడరు. ఇద్దరినీ కలిపి తీసేటప్పుడు నేను సాధారణంగా ఎఫ్2.8కు తగ్గను. ఫ్రేము అంచున నిలబడ్డవాళ్ల ముఖాలు సాగినట్టు కనిపిస్తాయి, కాబట్టి దగ్గరి నుంచి తీసేటప్పుడు పెద్దవాళ్లను అంచుకు రానివ్వకూడదు. మెట్టెలు, నల్లపూసలు నిండుగా రావాలంటే చిన్న వస్తువులను అతి దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సు కావాలి. మంగళసూత్రధారణప్పుడు చుట్టాలు మీద పడి నిలబడితే ఈ లెన్సు చేతులెత్తేస్తుంది. నా లెన్సుకు దుమ్ము ఆపే రబ్బరు అంచు లేదు. తలంబ్రాల పసుపు ఫోకస్ రింగులో చేరి గరగరమంటోంది, ఒకసారి విప్పించి శుభ్రం చేయించాను. థర్మోకోల్ గుళ్లయితే ముందు అద్దానికే అతుక్కుంటాయి. హుడ్, ఫిల్టర్ లేకుండా పెళ్లికి తీసుకెళ్లొద్దు.

ఈ ఫొటోలతో కరిజ్మా ఆల్బమ్, అంటే పేజీలు డిజైన్ చేసి అచ్చు వేసే ఆల్బమ్, చేయించడం మరో పని. గులాబీల నేపథ్యం మీద ముఖాలు కత్తిరించి పెట్టడం డిజైనర్లకు అలవాటు. ఇవి కత్తిరిస్తే పనికిరావు, మనుషులంతా ఒకరికొకరు అల్లుకుని ఉంటారు. రెండు పేజీలకు కలిపి ఒకే ఫొటో వేయమని ముందే చెబుతాను. మధ్య మడత ముఖం మీద పడకుండా తీసేటప్పుడే మనిషిని ఒక పక్కకు జరిపి ఉంచుతాను. పేజీలు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. ఆ మాట బయానా తీసుకునే రోజే చెప్పాలి.

కొత్తగా కొనేవారు దీన్ని మొదట ఒడిబియ్యం, పుట్టువెంట్రుకల వంటి ఇంటి వేడుకల్లో వాడి చూడండి. గది చిన్నది, కిటికీ వెలుతురు ఉంటుంది, ముహూర్తం తొందర ఉండదు. పెళ్లికి తీసుకెళ్లేటప్పుడు అప్పగింతల కోసం రెండో కెమెరాకు, కాస్త దూరం నుంచే ముఖాలు పెద్దగా తీయగల 85 ఎంఎం లెన్సు తగిలించి పెట్టుకోండి. ఆ సమయంలో తల్లీకూతుళ్లకు మీటరు దూరంలోకి నేను వెళ్లను.