పొగతోటలో పెద్దవాళ్లని కూర్చోబెట్టి మందులిచ్చే మెడికల్ షాపు

నెల్లూరు పొగతోటలో ఆస్పత్రులకీ మెడికల్ షాపులకీ కొదవ లేదు. అయినా మా అమ్మ బీపీ, షుగర్ మందులకి పక్క సందులో ఉన్న ఒక చిన్న షాపుకే పోతుంది. ఎందుకో అందరికీ తెలియాలనే ఈ రివ్యూ రాస్తున్నా.

కౌంటర్ పక్కన చేతులున్న కుర్చీలు వేశారు. స్టూలు వేస్తే మోకాళ్ల నొప్పులున్న మనిషి కూర్చోగలదు కానీ లేవడానికి పట్టు దొరకదు. చీటీ ఇచ్చి కూర్చుంటే మందులు కుర్చీ దగ్గరికే తెచ్చి, ఒక్కో షీటు చేతిలో పెట్టి, "పెద్దమ్మా, ఇది పొద్దున, ఇది రాత్రి తిన్నాక" అని చెప్తారు. అదే కవరు మీద స్కెచ్ పెన్నుతో పెద్ద తెలుగక్షరాల్లో రాస్తారు. అయిదు మాత్రలే కావాలని షీటు కత్తిరిస్తే గడువు తేదీ చాలాసార్లు షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతుంది కదా, ఆ తేదీ కూడా కవరు మీద రాసిస్తారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ఆమధ్య వేరే డాక్టరు రాసిన చీటీలో బీపీకి కొత్త పేరుతో ఒక మాత్ర ఉంది. ఫార్మసిస్టు అమ్మ సంచిలోని పాత షీట్లు తీయించి చూసి, రెండిట్లో ఉన్నది అమ్లోడిపిన్ అనే ఒకే బీపీ మందు, కంపెనీలే వేరని కనిపెట్టి, అక్కడికక్కడే డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కుని కొత్తది ఆపేశాడు. రెండూ వేసుకుని ఉంటే బీపీ పడిపోయి, కళ్లు తిరిగి కింద పడేది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా తెలుసు. బేరం పోతుందని అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఆ అబ్బాయికి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఇన్సులిన్ కూడా అంతే జాగ్రత్తగా ఇస్తారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పనికిరాదు. మన ఎండల్లో ఆత్మకూరు బస్సెక్కేవాళ్లకి థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, అది మందుకి తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టి, ఇంటికెళ్లాక ఫ్రీజర్‌లో పెట్టొద్దని రెండుసార్లు చెప్పి పంపిస్తారు.

ఇంకో పెద్ద షాపులో అయితే డిస్కౌంటు కోసం ఫోన్ నంబరు, ఓటీపీ అన్నారు. అమ్మ ఫోన్ ఇంట్లో ఉంది, వెనక లైన్లో వాళ్లు తొందర పెడుతున్నారు, పాపం కంగారుపడి మందులు కొనకుండానే తిరిగొచ్చేసింది. ఓటీపీ లేకపోతే మామూలు బిల్లు వేసి ఇస్తాం అని ఒక్క మాట చెప్పడానికి వాళ్లకేం పోయింది?

ఇక్కడ లోపాలు లేవని కాదు. డిస్కౌంటు పెద్దగా ఉండదు, ఆన్‌లైన్లో ఇంతకంటే తక్కువకే దొరుకుతాయి. మెట్లు ఎత్తు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కుర్చీల గురించి అంత ఆలోచించినవాళ్లు కమ్మీ ఎందుకు పెట్టించలేదో నాకర్థం కాదు, ఓనర్‌కి చెప్పాను, త్వరగా పెట్టించాలి. ఫోన్ చేసి చెప్తే ఊళ్లో ఇంటికి పంపిస్తారు, పేర్లన్నీ తిరిగి చదివి వినిపించాకే ఫోన్ పెడతారు, కానీ పెన్న దాటి కోవూరు వైపు మాత్రం పంపరు.

సాయంత్రం ఓపీల టైములో రద్దీ ఎక్కువ, ఎవరికీ తీరిక ఉండదు. అమ్మనో నాన్ననో తీసుకుపోయేవాళ్లు మధ్యాహ్నం పూట పొండి, ఇంట్లో వాడుతున్న మాత్రల షీట్లు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని పొండి.